పర్ణశాల ముక్కు కథ – శస్త్రవైద్యుల పాఠం

భద్రాచలం నుండి గోదావరి వెంట ఎగువకు అడవిదారిన సుమారు 35 కిలోమీటర్లు పోతే పర్ణశాల వస్తుంది. లక్ష్మణుడు శూర్పణఖ ముక్కుచెవులు కోసినది ఇక్కడనే అని అక్కడివారు చెప్పుకొంటారు. మహారాష్ట్రలోని నాసిక్ వారు కూడా తమ ఊరి పేరుకు ఈ కథనే మూలంగా చెప్పుతారు. ఎవరి మాట ఎట్లున్నా, ముక్కు కోయడం ఒకప్పుడు నిజంగా అమలులో ఉన్న శిక్ష. ముక్కు పోయినవాడు నలుగురిలో తలయెత్తుకొని తిరుగలేడు. అందుచేతనే పోయిన ముక్కును తిరిగి కట్టే విద్య మన దేశంలో ప్రాచీనకాలంలోనే పుట్టింది.

పర్ణశాల అంటే ఆకుల ఇల్లు. ఆ విద్యకు కూడా మొదటి పరికరం ఒక ఆకే. సుశ్రుతసంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలో ఈ పద్ధతి ఉన్నది. ముక్కుకు సరిపడే ఆకును కొలతగా తీసుకొని, దానిని చెంపకు ఆనించి, అంత మేర చర్మాన్ని ఒలవాలి. ఒక కొన మాత్రం తెగకుండా ఉంచి, మిగిలిన భాగాన్ని ముక్కు మొండిపై అతకాలి. కొనను ఎందుకు ఉంచాలి? కొత్త ముక్కుకు రక్తం దాని గుండానే అందుతుంది గనుక. గాలి ఆడుటకు లోపల రెండు గొట్టాలు అమర్చాలి. అంతటితో గ్రంథం ఆగలేదు. ముక్కు చాలకపోతే పెంచమని, కండ ఎక్కువగా పెరిగితే సమం చేయమని కూడా చెప్పింది. ఒకసారి కట్టిన ముక్కును మరల సవరించవలసి వస్తుందని ఆనాడే గుర్తించినారన్న మాట!

ఈ విద్య గ్రంథాలలోనే నిలిచిపోలేదు. 1792లో టిప్పుసుల్తాను సైనికులు ఆంగ్లసేనకు బండి తోలే కావస్జీ అనే వానిని పట్టుకొని ముక్కు, ఒక చేయి నరికినారు. ఏడాది తరువాత పుణె సమీపాన ఇటుకలు చేసే కులంవాడొకడు అతనికి ముక్కు కట్టినాడు. మైనంతో కొలత తీసి, నుదుటి చర్మాన్ని రెండు కన్నుల నడుమ అంటి ఉండేటట్లు ఒలిచి క్రిందికి త్రిప్పినాడు. అతుకుటకు వాడినది కాచు. మన అడవులలోని చండ్రచెట్టు చేవనుండి తీసేది. 1794 అక్టోబరులో లండను పత్రిక ఒకటి ఈ వృత్తాంతాన్ని ప్రకటించింది. దానిని చదివి జోసెఫ్ కార్ప్యూ అనే వైద్యుడు 1814లో లండనులో ఈ పద్ధతిని అనుసరించి, 1816లో గ్రంథం వ్రాసినాడు. రోగి పేరు చరిత్రలో మిగిలింది. వైద్యుని పేరు మిగలలేదు.

అయితే ఈ ముక్కులలో ఒక లోపం ఉండేది. పైన చర్మం ఉన్నా లోపల పొర లేదు. పచ్చిపుండు మానుతూ ముడుచుకొని రంధ్రాలు పూడుకొనిపోయేవి. చూపుకు ముక్కే గాని శ్వాసకు కాదు. ఇందూరులో పనిచేసిన కీగన్ అనే వైద్యుడు మొండిపై చర్మాన్నే లోపలికి మడిచి అస్తరుగా వేసిన పద్ధతిని 1900లో ప్రకటించినాడు.

అదే కాలంలో ఆరోగ్యవంతుల ముక్కులను సైతం తీర్చిదిద్దడం మొదలైనది. 1898లో బెర్లినులో జాక్ జోసెఫ్ పెద్ద ముక్కును చిన్నది చేసినాడు. కాని దూలంమీది ఎముకను, మృదులాస్థిని మితిమీరి తొలగిస్తే ప్రక్కగోడలు లోనికి కూలుతాయి. ముఖం అందగించినా ఊపిరి ఆడదు.

దీనిలోని భౌతికశాస్త్రం తరగతిలోనే చూపవచ్చు. సన్నని గొట్టంలో ద్రవంగాని వాయువుగాని నిలకడగా ప్రవహించేటప్పుడు, పీడనం మారకుండా వ్యాసార్ధం సగమైతే ప్రవాహం పదహారోవంతుకు పడిపోతుంది. ముక్కు సరళమైన గొట్టం కాదుగాని, ఇరుకు కొద్దిగా పెరిగినా శ్వాస చాలా కష్టమగుటకు కారణం ఇదే. అద్దం ముందు నిలిచి గట్టిగా గాలి పీల్చండి. ముక్కుపుటాలు లోనికి లాగుకొంటాయి. చెంపను వ్రేలితో మెల్లగా ప్రక్కకు లాగి పీల్చండి. గాలి తేలికగా పోతుంది. పుటానికి కొంచెం లోపలనే అత్యంత ఇరుకైన చోటు ఉన్నది.

ఇట్టి చెడిన ముక్కును బాగుచేయడమే నేటి పునఃశస్త్రచికిత్స. మొదటి కోత వాపు, మచ్చ అణగుటకు సాధారణంగా ఏడాదైనా ఆగుతారు. నడిమిగోడ మృదులాస్థి ముందే ఖర్చయి ఉంటే చెవినుండిగాని, ప్రక్కటెముకనుండిగాని తెస్తారు. అమెరికాలో జాక్ షీన్ 1984లో వివరించిన పద్ధతిలో సన్నని మృదులాస్థి పట్టీలను నడిమిగోడకు, ప్రక్కగోడలకు మధ్య ఉంచుతారు. మార్గం విశాలమవుతుంది, నొక్కుకుపోయిన దూలం పైకి లేస్తుంది. ఒకే పట్టీ ఊపిరినీ, రూపాన్నీ నిలబెడుతుంది.

ఆకుతో కొలత తీసిన ఆ పూర్వులు గొట్టాలను మరువలేదు. ఈ రెండింటినీ విడదీసినప్పుడెల్లా రోగి మరల బల్ల ఎక్కవలసి వచ్చింది. పర్ణశాలకు విహారయాత్ర పోయినప్పుడు విద్యార్థులకు శూర్పణఖ కథతోపాటు ఈ కథనూ చెప్పండి.