‘రోమియో అండ్ జూలియట్’లో వ్యాధి: ఉపమానం నుంచి ఉపద్రవానికి

షేక్‌స్పియర్ ‘రోమియో అండ్ జూలియట్’ నాటకంలో విషాదానికి తక్షణ కారణం ఒక లేఖ చేరకపోవడం. జూలియట్ మరణం నిజం కాదని తెలిపే లేఖను మాంటువాకు చేర్చవలసిన సన్న్యాసి జాన్ వెరోనాలోనే ఒక ఇంట చిక్కుబడతాడు. ఆ ఇంట ప్లేగు ఉన్నదన్న అనుమానంతో నగర తనిఖీదారులు తలుపులు మూసి ముద్ర వేస్తారు. కథను ముగించడానికి కవి తెచ్చిపెట్టుకున్న కాకతాళీయ ఘటనగా దీనిని భావించడం కద్దు. నాటకంలోని వ్యాధి ప్రస్తావనలను మొదటినుంచి పరిశీలిస్తే ఆ అభిప్రాయం నిలవదు.

తొలి అంకంలో వ్యాధి కేవలం కవిసమయం. రోజలిన్ కోసం పరితపించే రోమియో తనను రోగితో పోల్చుకొంటాడు. కంటికి కొత్త అంటు సోకితే పాత విషం విరుగుతుందని బెన్వోలియో సలహా. భరతుడు చెప్పిన పది కామావస్థలలో వ్యాధి ఎనిమిదవది, మరణం పదవది గనుక తెలుగు పాఠకునికి ఇందులో కొత్తదనం కనిపించదు. పైగా రోమియో విరహం మన ప్రబంధ నాయకుల విరహంకన్నా పలచనిది. ఒక్క రాత్రి విందుతో మాయమవుతుంది.

సన్న్యాసి లారెన్స్ ప్రవేశంతో ప్రతీక మలుపు తిరుగుతుంది. అతని చేతిలోని పువ్వు వాసన చూస్తే ఔషధం, రుచి చూస్తే విషం. రోమియో వివాహానికి అతడు అంగీకరించడం ప్రేమరోగాన్ని మాన్పడానికి కాదు, రెండు కుటుంబాల పగను మాన్పడానికి. రోగి ఎవరన్న నిదానమే ఇక్కడ మారిపోయింది. ఇందుకు భిన్నంగా కాప్యులెట్ నిదానం పూర్తిగా తప్పుతుంది. పారిస్‌ను పెండ్లాడనన్న కూతురిని అతడు ఒక పాండురోగం పేరుతో తిడతాడు. కన్యలకు వచ్చే ఆ జబ్బుకు వివాహమే మందని ఆనాటి వైద్యుల నమ్మకం. జూలియట్‌కు అప్పటికే వివాహమైంది.

మూడవ అంకంలో మెర్కూషియో మరణిస్తూ రెండు ఇళ్లకూ ప్లేగు తగలాలని పదేపదే శపిస్తాడు. ‘నీ ఇంట పీనుగెళ్ల’ అన్న తిట్టు ఎరిగిన తెలుగువారికి ఆ శాపం బలం వివరించనక్కరలేదు. అతని మాటలో ఇల్లంటే వంశం. అయిదవ అంకంలో ముద్రపడిన ఇల్లు గోడలూ తలుపులూ గల ఇల్లు. శాపం తగిలినది ఆ రెండు వంశాలతో సంబంధం లేని గడపకు; ఫలితం మాత్రం రెండు వంశాలకూ చేరింది.

ఈ సంధానం షేక్‌స్పియర్ కల్పనే. మూలమైన ఆర్థర్ బ్రూక్ కావ్యంలో (1562) ప్లేగు ఉన్నది. అయితే అక్కడ సన్న్యాసి ఆగిపోయేది మాంటువాలోని మఠంలో, తోటి సన్న్యాసి మరణం వల్ల. అందులో మెర్కూషియో విందులో కనిపించే చిన్న పాత్ర. అతనికి శాపమూ లేదు, మరణఘట్టమూ లేదు. షేక్‌స్పియర్ శాపాన్ని సృష్టించి, వ్యాధిని వెరోనాకు మార్చి, తనిఖీదారులను ప్రవేశపెట్టాడు. ఈ తనిఖీదారులు లండన్ ప్రేక్షకులకు సుపరిచితులు. 1578 నాటి ప్లేగు ఉత్తర్వుల ప్రకారం రోగమున్న ఇళ్లను అందరినీ లోపలే ఉంచి మూసేవారు. 1592–94 మధ్య ప్లేగు కారణంగా లండన్ నాటకశాలలు చాలాకాలం మూతపడ్డాయి. నాటకం 1597లో తొలిసారి అచ్చయింది. ఆ ప్రేక్షకులలో ముద్రపడిన తలుపును చూడనివారు అరుదు. వారికి అది యాదృచ్ఛికంగా తోచి ఉంటుందనడం కష్టం.

చివరి దృశ్యంలో మరొక విశేషమున్నది. జరిగినదంతా రాజుకు నివేదించే లారెన్స్ ప్లేగు మాట ఎత్తడు. జాన్ ఏదో అనుకోని ఘటనవల్ల ఆగిపోయాడని మాత్రమే అంటాడు. రాజు దానిని అలా స్వీకరించలేదు. ఇరువంశాల పెద్దలను ముందుకు పిలిచి, వారి ద్వేషానికి పడిన శిక్షను చూడమంటాడు.