లేని ప్యాకేజీ

డెబియన్‌లో మెయిల్-ట్రాన్స్‌పోర్ట్-ఏజెంట్ అనే ప్యాకేజీ నిజానికి లేదు, పేరే ఉంది. కొత్తలో దాన్ని ఇన్‌స్టాల్ చేయబోతే, ఫలానా వాటిలో ఒకటి ఎంచుకోమంది ఆప్ట్. నేను బిత్తరపోయాను. ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్, సెండ్‌మెయిల్ అన్నీ ‘ఆ పేరు నాదే’ అంటాయి. అదే పేరుతో గొడవ కూడా పెట్టుకుంటాయి కాబట్టి, ఒకటొస్తే ఇంకోటి పోవాల్సిందే. (తనతో తాను మాత్రం గొడవపడదు లెండి!)

చాలా ఏళ్లు ఈ ఉత్తుత్తి పేర్లకి వెర్షన్ నంబర్ ఉండేది కాదు. ‘కనీసం ఈ వెర్షన్ కావాలి’ అని అడిగితే ఉత్తి పేరు పనికొచ్చేది కాదు. 2014లో డీపీకేజీ 1.17.11తో ఆ లోటు తీరింది.

అయినా పేరు పేరే. ఓసారి ఎగ్జిమ్ తీసేసి పోస్ట్‌ఫిక్స్ పెట్టాను, సెట్టింగులు సరిగా చూసుకోలేదు. డిపెండెన్సీలన్నీ తృప్తిగానే ఉన్నాయి. బ్యాకప్ ఫెయిలైందని రాత్రి రావాల్సిన మెయిల్ మాత్రం రాలేదు.