పద్దు 789: ఉప ప్రణాళికలో ‘అదనం’ ఎంత?

రాష్ట్ర బడ్జెట్ సంపుటాల్లో ఏదో ఒకటి తెరిచి, ఏ శాఖ డిమాండ్ అయినా చూడండి. పాఠశాల విద్యకు 2202, వైద్యానికి 2210, రోడ్ల మూలధన వ్యయానికి 5054. ఈ పెద్ద పద్దుల కింద వరస వెంట దిగుతూ పోతే 789 అనే చిన్న పద్దు ఒకటి, 796 అనేది ఇంకొకటి తగులుతాయి. మొదటిది షెడ్యూల్డ్ కులాల వాటా, రెండోది గిరిజన ఉప ప్రణాళిక వాటా. సంక్షేమ శాఖల సొంత ఖర్చుకు 2225 పద్దు ఎటూ ఉంది. ఈ రెండు చిన్న పద్దులు మాత్రం చాలా శాఖల్లో పరుచుకుని ఉంటాయి. దళితుల, ఆదివాసుల అభివృద్ధి ఒక్క సంక్షేమ శాఖ పని కాదు, సాగునీటి శాఖకూ రోడ్ల శాఖకూ విద్యుత్ శాఖకూ ఆ బాధ్యత ఉందన్న ఒప్పుకోలు ఆ అంకెల్లో ఉంది.

ఈ వ్యాసం వేసుకున్న ప్రశ్న ఒక్కటే. 789 కింద ఒక రూపాయి రాశారు సరే, ఆ పద్దే లేకపోయినా ఆ రూపాయి ఆ దళిత కుటుంబానికి అందేదేనా? అందేదే అయితే ఆ పద్దు వల్ల వాళ్లకు కొత్తగా ఒరిగిందేమిటి? ఉప ప్రణాళిక మీద ఏటా జరిగే చర్చ కేటాయింపు ఎంత, ఖర్చు ఎంత అన్న దగ్గరే ఆగిపోతోంది. అసలు చూడాల్సింది ‘అదనం’.

ఆ ఆలోచన ఎక్కడ పుట్టింది

గిరిజన ఉప ప్రణాళిక అయిదో పంచవర్ష ప్రణాళికతో, 1974-75లో మొదలైంది. ఆదివాసులు ఒకే ప్రాంతంలో గుంపుగా ఉంటారు కాబట్టి ప్రాంతాన్ని ప్రాతిపదికగా తీసుకున్నారు. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు, అంటే మన ఐటీడీఏలు, ఆ ఆలోచనలోంచి వచ్చినవే. షెడ్యూల్డ్ కులాల పరిస్థితి వేరు. ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, ప్రతి ఊళ్లోనూ ఊరి చివరే ఉన్నారు. అందుకని 1970ల చివర్లో వారికోసం ప్రత్యేక అంశ ప్రణాళికను, అంటే తర్వాతి ఉప ప్రణాళికను, రూపొందించారు. ఆంధ్రప్రదేశ్ క్యాడర్‌కు చెందిన ఐఏఎస్ అధికారి పి.ఎస్.కృష్ణన్ కేంద్ర హోంశాఖలో ఉండి దీనికి రూపం ఇచ్చారు. 1980 మార్చిలో ప్రధాని ఇందిరాగాంధీ ముఖ్యమంత్రులకు దీని గురించి లేఖ రాశారు. జనాభాలో వారి శాతం ఎంతో, ప్రణాళికా వ్యయంలోనూ అంత శాతం వారికి విడిగా తీసి పెట్టాలన్నది సూత్రం.

ఆ రోజుల్లో కృష్ణన్, ఎస్.ఆర్.శంకరన్ వంటి అధికారులు పదేపదే చెప్పినవి భూమి, నీరు, చదువు. కూలికి పోయే కుటుంబం సొంత చేలో పని చేసుకునే కుటుంబం కావాలి. వారి మనసులో ఉన్న ఉప ప్రణాళిక ఆస్తి కల్పించేది. దళిత బిడ్డల కోసం 1980ల్లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకులాలు ఆ దృష్టికి నిలిచిన సాక్ష్యం. ఒకసారి కట్టిన బడి నాలుగు తరాల పిల్లలకు పనికొస్తుంది.

సూత్రమైతే ఉంది, చట్టం లేదు. ఆ లోటు ఎంత దూరం తీసుకుపోయిందో 2010లో దేశమంతా చూసింది. ఢిల్లీ ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల నిధుల్లోంచి సుమారు 744 కోట్ల రూపాయలను కామన్వెల్త్ క్రీడల పనులకు మళ్లించిందని సమాచార హక్కు దరఖాస్తుల ద్వారా బయటపడింది. హోంమంత్రి పి.చిదంబరం రాజ్యసభలో ఆ మళ్లింపును అంగీకరించాల్సి వచ్చింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ఏళ్ల తరబడి నిధులు మురిగిపోవడం మీద, దారి మళ్లడం మీద దళిత, గిరిజన సంఘాలు, వామపక్షాలు, విశ్రాంత అధికారులు కలిసి పోరాడారు. 2012 డిసెంబరు మొదట్లో శాసనసభ ప్రత్యేక సమావేశంలో బిల్లు ఆమోదం పొందింది. 2013 జనవరి 24 నుంచి ‘ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాల ఉప ప్రణాళిక, గిరిజన ఉప ప్రణాళిక చట్టం’ అమల్లోకి వచ్చింది. దేశంలో ఇలాంటి చట్టాల్లో ఇదే మొదటిది. కర్ణాటక అదే ఏడాది ఇదే దారి పట్టింది.

చట్టంలోని ఒక మాట

ఈ చట్టంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది వాటా శాతం కాదు, పథకాల ఎంపికకు పెట్టిన షరతు. ఎస్సీ, ఎస్టీ వ్యక్తులకు గానీ కుటుంబాలకు గానీ ఆవాసాలకు గానీ నేరుగా, కొలిచి చూపగలిగే మేలు చేసే పథకాలనే ఇందులో చేర్చాలి. మిగతా సమాజానికీ వారికీ మధ్య ఉన్న అభివృద్ధి అంతరాన్ని ఆ పథకాలు తగ్గించగలగాలి. ‘అంతరం’ అన్న మాట చట్టంలో ఊరికే పడింది కాదు. పక్కవాడికీ నాకూ సమానంగా పంచిన దానివల్ల మా మధ్య దూరం తగ్గదు. దూరం తగ్గాలంటే నాకు కొంత ఎక్కువ రావాలి.

చట్టమే ఆ వెంటనే ఇంకో తలుపు తెరిచి పెట్టింది. ఎస్సీ, ఎస్టీలకే ప్రత్యేకించిన పథకమైతే మొత్తం ఖర్చును ఉప ప్రణాళికలో చూపవచ్చు. అందరికీ వర్తించే పథకమైతే లబ్ధిదారుల్లో వారి నిష్పత్తి మేరకు చూపవచ్చు. విడదీయడానికి వీల్లేని పెద్ద నిర్మాణాలైతే, ప్రభుత్వం నిర్ణయించిన కొంత భాగాన్ని వారి కోసం ఖర్చు చేసినట్టే భావించవచ్చు. ఈ ‘భావించవచ్చు’ అన్న మాట దగ్గరే ఉప ప్రణాళిక నీరుగారింది. కర్ణాటక చట్టంలో ఇలాంటి వెసులుబాటు 7(డి) సెక్షన్‌గా ఉండేది. అక్కడ దళిత సంఘాలు పదేళ్లు పోరాడాక 2023లో దాన్ని తొలగించారు. మన రెండు రాష్ట్రాల్లో దాని మీద అంత గట్టి చర్చ ఇంకా జరగలేదు.

నిష్పత్తి లెక్క ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఒక ఊళ్లో వందమందికి వృద్ధాప్య పింఛను వస్తోంది, అందులో పద్దెనిమిది మంది దళితులు. ఆ పద్దెనిమిది మంది పింఛను మొత్తాన్ని 789 కింద రాస్తారు. ఉప ప్రణాళిక చట్టం లేకపోయినా ఆ ముసలమ్మకు ఆ పింఛను వచ్చేదే. అది ఆమెకు పౌరురాలిగా ఉన్న హక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలై, తల్లుల ఖాతాలో ఏటా 15,000 రూపాయలు వేసే పథకంగా వచ్చిన అమ్మఒడిలోనూ ఎస్సీ, ఎస్టీ తల్లుల భాగాన్ని ఇలాగే విడదీసి చూపారు. తెలంగాణలో పెట్టుబడి సాయంగా ఇచ్చిన రైతుబంధు అయితే పట్టా ఉన్నవారికే వచ్చింది. భూమి లేని దళిత కుటుంబానికి అందులో చోటే లేదు, అయినా పట్టాదారుల్లో ఎస్సీల భాగం ఉప ప్రణాళిక స్థానంలో అక్కడ వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి లెక్కలోకి వెళ్లింది. నగదు పథకాలు పేదల చేతికి అక్కరకు వచ్చాయన్నది నిజమే, దాన్ని కాదనను. వాటిని ఉప ప్రణాళికగా చూపి, ఆ మేరకు భూమికీ బోరుకూ హాస్టల్ భవనానికీ దక్కాల్సిన డబ్బును తగ్గించడం మీదే నా అభ్యంతరం.

హారం ఎక్కడ?

2025-26 బడ్జెట్ ప్రసంగాల అంకెలు తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్ మొత్తం బడ్జెట్ 3,22,359 కోట్లు. ఎస్సీలకు 20,281 కోట్లు, ఎస్టీలకు 8,159 కోట్లు చూపారు. తెలంగాణ మొత్తం 3,04,965 కోట్లు. ఎస్సీలకు 40,232 కోట్లు, ఎస్టీలకు 17,169 కోట్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలు సుమారు 17.08 శాతం, ఎస్టీలు 5.53 శాతం. తెలంగాణలో 15.45, 9.08 శాతాలు.

వాటా జనాభా నిష్పత్తిలోనే ఇచ్చారనుకుని వెనక్కి లెక్క కట్టి చూశాను. ఆంధ్రప్రదేశ్ ఎస్సీ కేటాయింపు సుమారు 1.19 లక్షల కోట్ల మొత్తం మీద వాటా అవుతుంది. అదే రాష్ట్రంలో ఎస్టీ కేటాయింపు సుమారు 1.48 లక్షల కోట్ల మీద వాటా అవుతుంది. తెలంగాణలో ఆ మొత్తం ఎస్సీ కేటాయింపుకు 2.60 లక్షల కోట్లు, ఎస్టీ కేటాయింపుకు 1.89 లక్షల కోట్లు వస్తోంది. ఒకే రాష్ట్రం, ఒకే ఏడాది, ఒకే సూత్రం. హారం మాత్రం రెండు రకాలు. జనాభా శాతానికి మించి ఇవ్వడం తప్పు కాదు. ఎంత మొత్తం మీద శాతం లెక్కించారో ప్రసంగం చదివిన పౌరుడికి తెలియకపోవడం మాత్రం తప్పే. లవం ఒక్కటే చూపించి హారం చూపించకపోతే అది భిన్నమే కాదని అయిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు.

ఈ గందరగోళం 2017-18లో కేంద్రం ప్రణాళిక, ప్రణాళికేతర అన్న విభజనను ఎత్తేసిన దగ్గర మొదలైంది. 2013 చట్టం ప్రణాళికా వ్యయంలో వాటా అంది. ఆ విభజనే పోయాక దేనిలో వాటా? తెలంగాణ 2017లో కొత్త చట్టం తెచ్చుకుంది. ఉప ప్రణాళిక స్థానంలో ‘ప్రత్యేక అభివృద్ధి నిధి’ వచ్చింది, పథకాల ఖర్చును చూపే ‘ప్రగతి పద్దు’ను ప్రాతిపదిక చేశారు. ఆ చట్టంలో మెచ్చుకోవాల్సిన అంశం ఇంకొకటి ఉంది. ఏడాది చివర ఖర్చు కాకుండా మిగిలిన మొత్తాన్ని మరుసటి ఏడాది భర్తీ చేయాలి. దానికీ ఒక కొలత ఉంది. మొత్తం బడ్జెట్‌లో ఎనభై శాతమే ఖర్చయి, ఈ నిధిలో అరవై శాతమే ఖర్చయిందనుకుందాం. ఆ ఇరవై శాతం తేడాను పూడ్చాలి. ఆంధ్రప్రదేశ్ చట్టంలో ఈ రక్షణ లేదు. మార్చి 31 రాత్రితో మురిగిపోయింది మురిగిపోయినట్టే.

శిలాఫలకం దగ్గర

గోదావరి డెల్టాలో ఒక ఊరి ఎస్సీ కాలనీకి ఒక వానాకాలం వెళ్లాను. కాలనీ మొదట్లో శిలాఫలకం ఉంది, ఉప ప్రణాళిక నిధులతో సిమెంటు రోడ్డు వేశామని. రోడ్డు బాగానే ఉంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోశారు కాబట్టి ఇళ్ల అరుగులకంటే జానెడు ఎత్తులో ఉంది. గుమ్మంలో చేట పట్టుకుని నిలబడ్డ పెద్దావిడ, “రోడ్డు ఏసినకాణ్ణించీ వానొస్తే నీళ్లు ఇంట్లోకే బాబూ. మురిక్కాలవ దీంట్లో లేదంట” అంది. ఎస్టిమేట్‌లో కాలవ లేని మాట నిజమే. కాగితం మీద ఆ పని ఉప ప్రణాళిక షరతులన్నీ తీర్చింది. ఎస్సీ ఆవాసం, నేరుగా మేలు, నూటికి నూరు శాతం ఖర్చు. ఆ కాలనీకీ ఊరికీ మధ్య అంతరం ఏమిటని ముందు ఎవరైనా అడిగి ఉంటే, ఆవిడ రోడ్డు పేరు ఎత్తకముందే కాలవ పేరు చెప్పేది. అంతరాలను గుర్తించాకే ప్రణాళిక వేయాలని చట్టం చెప్పింది. రోడ్డు కొలతలు తీసుకోవడానికి ఊరికి అసిస్టెంట్ ఇంజినీరు వచ్చాడు, అంతరం కొలవడానికి ఎవరూ రాలేదు.

ఏజెన్సీలో సమస్య మరో రకం. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దృశ్యం వానాకాలంలో ప్రతి ఏడూ పత్రికల్లో వస్తుంది. అక్కడ జనాభా నిష్పత్తి సూత్రం సరిపోదు. పది ఇళ్ల గూడేనికి కొండ చుట్టి రోడ్డు వేయాలంటే, మైదానంలో వెయ్యి ఇళ్ల ఊరికి అయ్యే ఖర్చుకంటే ఎక్కువే కావచ్చు. 2025 ఏప్రిల్‌లో ‘అడవితల్లి బాట’ పేరుతో వెయ్యి కోట్లకు పైగా అంచనాతో గిరిజన గూడేలకు రోడ్ల పనులు మొదలయ్యాయి. సంతోషించాల్సిందే. అయితే దానికి ప్రధాన ఆధారం 2023 నవంబరులో వచ్చిన కేంద్ర పథకం పీఎం-జన్‌మన్. గిరిజన ఉప ప్రణాళిక మొదలై అప్పటికి దాదాపు యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లలో 796 కింద రాసిన డబ్బు ఆ గూడేల దాకా రోడ్డుగా ఎందుకు చేరలేదన్నది పరిశోధకులు తేల్చాల్సిన విషయం.

జనాభా లెక్క గురించీ ఒక మాట. తెలంగాణ కుల సర్వే ప్రకారం ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. నిధి వాటాకు ప్రాతిపదిక మాత్రం 2011 నాటి లెక్కలే. పైగా రెండు రాష్ట్రాలూ 2025లో ఎస్సీ వర్గీకరణ తెచ్చాయి. ఉద్యోగాల్లో, చదువుల్లో ఏ ఉపకులాల గుంపుకు ఎంతో తేల్చారు. 789 పద్దుకు మాత్రం ఆ చూపు లేదు. రెల్లి కుటుంబానికి ఎంత చేరింది, బుడగ జంగాలకు ఎంత చేరింది అంటే ఏ సంపుటంలోనూ జవాబు దొరకదు.

చేయాల్సింది అసాధ్యమైనదేమీ కాదు. బడ్జెట్ పుస్తకంలో 789, 796 పద్దుల పక్కన రెండు గళ్లు గీయాలి. ఒకటి ఎస్సీ, ఎస్టీల కోసమే చేపట్టిన పనులకు. రెండోది అందరి పథకాల్లోంచి నిష్పత్తి లెక్కన తెచ్చి కలిపిన మొత్తానికి. శాతం ఏ మొత్తం మీద కట్టారో మొదటి పేజీలోనే అచ్చు వేయాలి. తెలంగాణ చట్టంలోని భర్తీ నిబంధన ఆంధ్రప్రదేశ్‌కూ రావాలి. ‘భావించే’ ఖర్చును రెండు చట్టాల్లోంచీ తీసేయాలి. పని మంజూరుకు ముందు ఆ కాలనీ, ఆ గూడెం గ్రామసభలో అంతరం ఏమిటో రాయించాలి.

2023 జనవరితో గడువు తీరిన ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని ఇంకో పదేళ్లు పొడిగించారు. అది 2033 జనవరి దాకా అమల్లో ఉంటుంది. ఆలోపు వచ్చే ప్రతి బడ్జెట్‌లో ఆ రెండు గళ్లు అడగండి. మీ శాసనసభ్యుణ్ణి అడగండి, మీ కలెక్టరు కార్యాలయంలో సమాచార హక్కు కింద అడగండి.