చందమామలో జానపద జీవుల చిత్రణ

బేతాళుడు, బ్రహ్మరాక్షసుడు, పిశాచం, మాంత్రికుడు వంటి జానపద పాత్రలకు తెలుగు బాలసాహిత్యంలో స్థిరమైన రూపం చాలావరకు చందమామ మాసపత్రిక చిత్రకారుల చేతుల్లోనే ఏర్పడింది. బి.నాగిరెడ్డి, చక్రపాణి ఈ పత్రికను 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళ భాషల్లో ప్రారంభించారు. తరవాత అది మరెన్నో భారతీయ భాషలకు విస్తరించింది.

నేపథ్యం

అచ్చు బొమ్మలు రాకముందు తెలుగువారు రాక్షసులను చూసింది తోలుబొమ్మలాట తెర మీద, చేర్యాల నకాషీ పటాల మీద. అక్కడ బొమ్మకు కథకుడి గొంతు తోడుండేది, ఊరంతా కలిసి చూసేది. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ప్రారంభించిన ‘బాల’ పత్రిక, ఆ వెంటనే వచ్చిన చందమామ బొమ్మల కథను నేరుగా పిల్లల చేతికి అందించాయి. పిల్లవాడు ఒంటరిగా చదువుకునేటప్పుడు కథకుడి గొంతు చేసే పని కూడా బొమ్మే చేయాల్సివచ్చింది.

చిత్రకారులు

‘చిత్రా’ పేరుతో బొమ్మలు వేసిన రాఘవన్ తొలితరం చిత్రకారుల్లో ముఖ్యుడు. 1954లో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహిక ‘తోకచుక్క’లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులున్నారు. ఒకడిది ఒంటికన్ను, మరొకడికి నాలుగు కళ్లు. రచయిత ఒక్క మాటలో చెప్పిన వింతకు ముఖం, వేషం, నిలబడే తీరు చిత్రకారుడే ఊహించాలి. పైగా ప్రతి నెలా పాఠకుడు చూడగానే గుర్తుపట్టేలా ఆ పోలిక నిలపాలి. ముఖచిత్రాలకు పేరుపొందిన వడ్డాది పాపయ్య (1921–1992) పురాణ పాత్రలకు తన రంగులతో ప్రత్యేక శోభ తెచ్చారు.

1952లో చందమామలో చేరిన శంకర్ (కె.సి.శివశంకరన్, 1924–2020) పేరు బేతాళ కథలతో విడదీయరానిది. ఈ కథల పాత రూపాల్లో ఒకటి 11వ శతాబ్దపు సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉంది. మూలంలో ఉన్నవి 25 కథలే అయినా, చందమామ కొత్త కథలతో బేతాళ కథల శీర్షికను దశాబ్దాలపాటు నడిపింది. కత్తి పట్టి, బేతాళుడు ఆవహించిన శవాన్ని భుజాన వేసుకుని శ్మశానంలో నడిచే విక్రమార్క మహారాజు బొమ్మ కథ ఎక్కడ మొదలవుతుందో అక్షరం చదవకముందే చెప్పేసేది. కథ మారినా బొమ్మ మారకపోవడమే దాని బలం. చుట్టూ ఎంత భయం కమ్మినా రాజు నడక ఆగదన్న ధైర్యాన్ని అది పిల్లలకు ఇచ్చింది.

ఇతర దేశాల్లో

స్కాండినేవియాలోనూ మౌఖిక కథల్లోని జీవులకు పిల్లల పుస్తకాలే రూపమిచ్చాయి. స్వీడన్‌లో 1907 నుంచి ఏటా క్రిస్మస్‌కు వెలువడిన కథల సంపుటికి జాన్ బావర్ వేసిన బొమ్మల్లో ట్రోల్‌లు అనే పెద్ద ముక్కుల జానపద జీవులు నాచు పట్టిన అడవిలో భాగంగా కలిసిపోతాయి. నార్వేలో థియోడర్ కిట్టెల్సన్ (1857–1914) ట్రోల్‌లను కొండలంత భారీగా చూపాడు. అక్కడి భయం ప్రకృతిలోంచి పుడితే, బేతాళ కథల్లో అది శ్మశానంలో మొదలై బేతాళుడు రాజును అడిగే ధర్మసందేహం దాకా సాగుతుంది.

వారసత్వం

2010 దశకం తొలినాళ్లలో చందమామ ప్రచురణ ఆగిపోయింది. శంకర్‌కు 2021లో మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. నెలనెలా గడువుకు అందించిన ఈ బొమ్మలు పత్రికా అలంకారం మాత్రమే కావు. తరాలపాటు తెలుగు పిల్లల ఊహకు ఆకారమిచ్చిన చిత్రకళగా వాటిని భద్రపరచాలి, అధ్యయనం చేయాలి.