చేతితో చేసిన శుభాకాంక్షల పత్రం – కొంత చరిత్ర, కొంత పాఠం



ఉగాదికి, సంక్రాంతికి పిల్లలచేత శుభాకాంక్షల పత్రాలు చేయించడాన్ని కేవలం కాలక్షేపంగా భావించకండి. ఆ చిన్న అట్టముక్క వెనుక దీర్ఘమైన చరిత్ర ఉన్నది. అందులో మన దక్కనుకూ భాగమున్నది.

ఇంగ్లండులో 1840లో ఒక్క పెన్నీతో ఉత్తరం పంపే పద్ధతి ఏర్పడింది. 1843లో హెన్రీ కోల్ అనే అధికారి, అందరికీ విడివిడిగా ఉత్తరాలు వ్రాసే తీరిక లేక, జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అనే చిత్రకారునిచేత బొమ్మ గీయించి క్రిస్మస్ పత్రాన్ని అచ్చు వేయించాడు. సుమారు వెయ్యి ప్రతులకు రంగులు చేతితోనే అద్దారు. వెల ఒక షిల్లింగు. అంటే పన్నెండు ఉత్తరాల తపాలా ఖర్చు! మన దేశంలో పోస్టుకార్డు 1879లో కాలణాకు వచ్చింది.

అలంకార కాగితం ఇంతకంటె ప్రాచీనమైనది. జిగురు నీటిపై రంగులు తేల్చి, పుల్లతో కదిపి, వాటిని కాగితానికి ఎక్కించే విద్యను పారసీకంలో 'అబ్రీ' అన్నారు. 'అబ్ర్' అంటే మేఘం. 17వ శతాబ్దంలో బీజాపూరు చిత్రకారులు ఈ పద్ధతితో ఏకంగా బొమ్మలే రూపొందించారు. రంగు అంటకూడని భాగాన్ని కప్పివుంచి, తక్కిన భాగాన్ని మేఘచారలతో నింపారు. కర్ణాటకలోని మన పిల్లలకు ఇది పొరుగు విద్య.

ఇక అచ్చు అద్దకానికి మచిలీపట్నం చెంతనున్న పెడన ప్రసిద్ధం. అక్కడ టేకు అచ్చులతో బట్టపై కలంకారీ అద్దుతారు. తరగతిలో టేకు అక్కరలేదు. బెండకాయను అడ్డంగా కోసి అద్దితే పువ్వు. బంగాళాదుంపపై అక్షరం చెక్కితే అచ్చు.

తెలుగు పాఠం ఇక్కడే మొదలవుతుంది. అచ్చులో అక్షరం తిరగబడి ఉండాలి. 'క' చెక్కాలంటే తలకట్టు కొన ఏ వైపుకు సాగుతుందో పిల్లవాడు ఆలోచించక తప్పదు. పదిసార్లు దిద్దించినా రాని గమనిక ఒక్క అచ్చుతో వస్తుంది.

మన పిల్లలు ఇంట తెలుగు మాట్లాడుతారు. చదువు వ్రాతలు మాత్రం కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ, ఇంగ్లీషులలో సాగుతాయి. వ్రాయడానికి కారణం లేని భాష చేతి నుండి జారిపోతుంది. తాతయ్యకో అమ్మమ్మకో పంపే పత్రం ఆ కారణాన్ని కల్పిస్తుంది.

కనుక పత్రం లోపలి పుటను ఖాళీగా ఉంచండి. నల్లబల్లపై వాక్యం వ్రాసి నకలు చేయించకండి. పిల్లవాడు తన మాటలలో రెండు వాక్యాలు ముందు చిత్తు కాగితంపై వ్రాసి, తప్పులు తానే దిద్దుకొని, తరువాత ఎక్కించాలి. దానిని తప్పక తపాలాలో వేయించండి. జవాబు కూడా తెలుగులోనే వ్రాయవలసిందిగా ఆ పెద్దలను ముందే కోరండి.