మట్టి కవరు, రాగిరేకు, మా తాత పొలం గట్లు

పోస్టు కొంచెం పొడుగైంది, తీరిగ్గా చదవండి.

మొన్న క్లాసులో పూర్వం దేని మీద రాసేవాళ్ళో చెప్పారు. మట్టి పలక, పపైరస్, తాటాకు, రాగిరేకు. రెండు మార్కుల ప్రశ్న, అంతే. నేనూ బట్టీ పట్టేసి వదిలేసేదాన్నే. కానీ లైబ్రరీలో ఇంకో పుస్తకం తిరగేస్తే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పటి ఇరాక్‌లో ఉరుక్ అనే పాత నగరం ఉంది. అక్కడ దొరికిన క్రీ.పూ. 3200 ప్రాంతపు పలకల్లో కథలూ పాటలూ లేవు, చాలావరకు లెక్కలే. ఎంత బార్లీ వచ్చింది, ఎన్ని గొర్రెలు, ఎవరికెంత కూలి గింజలు. తడి మట్టి మీద రెల్లుపుల్లతో నొక్కి ఆరబెట్టేవాళ్ళు. అంటే అక్కడ రాత ముందు పుట్టింది ఎవరి దగ్గర ఏముందో చెప్పడానికే.

నన్ను ఆపేసింది మాత్రం మట్టి కవరు. టర్కీలోని కానేష్‌లో దాదాపు 3,900 ఏళ్ళ కిందట అస్సూరు వ్యాపారులు అప్పుపత్రాన్ని చిన్న పలక మీద రాసి, దాని చుట్టూ ఇంకో పొర మట్టి కప్పేవాళ్ళు. పైపొర మీద అదే సంగతి మళ్ళీ రాసి, సాక్షులు ముద్రలు దొర్లించేవాళ్ళు. రేపు ఎవరైనా పైన అంకె మార్చారని గొడవొస్తే? పెద్దల ముందు కవరు పగలగొట్టి లోపలిది చదవడమే. కొన్ని కవర్లు ఇప్పటికీ పగలకుండా దొరుకుతున్నాయి. బహుశా అప్పు తీరనివేమో అనుకుని నవ్వుకున్నా.

మట్టికి ఇంకో గుణం. క్రీ.పూ. 612లో శత్రువులు నినెవె నగరాన్ని తగలబెట్టారు. అషూర్‌బానిపాల్ రాజు గ్రంథాలయంలో చాలా పలకలు ఆ మంటలో కాలి ఇటుకల్లా గట్టిపడ్డాయి. 30 వేలకు పైగా పలకలు, ముక్కలు ఇవాళ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పపైరస్ అలా కాదు, ఈజిప్టు ఎడారి పొడిగా ఉండబట్టి మిగిలింది. పిరమిడ్‌కి సున్నపురాయి పడవల మీద మోసిన ఒక ముఠా నాయకుడి రోజువారీ చిట్టా 2013లో ఎర్రసముద్రం ఒడ్డున దొరికింది. రాజు కాదు, కూలోళ్ళ మేస్త్రీ!

మన దగ్గర తాటాకు. గంటంతో గీసి మసి పూస్తే అక్షరం కనిపిస్తుంది. కానీ వాన, చెదలు, పురుగు. మళ్ళీ మళ్ళీ ఎత్తి రాయించే స్తోమత ఉన్నవాళ్ళవే నిలిచాయి. భూమి విషయానికొస్తే రాజులు తాటాకుని నమ్మలేదు. దానమిచ్చిన ఊరి పేరు, నాలుగు దిక్కుల హద్దులు, ఈ చెట్టు, ఆ చెరువు, ఆ పుట్ట అని రాగిరేకుల మీద చెక్కించి, రింగు తొడిగి ముద్ర వేశారు. వేంగి చాళుక్యుల ముద్ర మీద వరాహం ఉంటుంది. ఆ హద్దుల అవతలి కొండ మీద ఎవరున్నారో ఏ రేకూ చెప్పదు.

మా తాత కూడా హద్దులు అలాగే చెప్తాడు. తూర్పున ఇప్పచెట్టు, పడమర వాగు, దక్షిణాన వాళ్ళ నాయన సమాధి రాయి. చెక్కించుకున్న రేకు లేదు కదా. పట్టాకి పెట్టుకుంటే ఆఫీసులో "కాగితం ఏది?" అన్నారు. తాత ఏం మాట్లాడకుండా తిరిగొచ్చేశాడు. అప్పుడు నేను ఇంటర్, పక్కనే నిలబడ్డా, నాకూ ఏం తెలీదు.

ఇప్పుడు చదివా. అటవీ హక్కుల చట్టం నియమాల్లో 13వది చూడండి. కాగితాలే కాదు, చదును చేసిన నేల, గట్లు, బావులు, సమాధులు సాక్ష్యమే. దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాట రాసి పెట్టినా సాక్ష్యమే. రెండు రకాలైనా ఉండాలి.

మా తాత మాట మా దరఖాస్తుకి పనికిరాదు, పక్కింటోళ్ళకి పనికొస్తుంది. మాకు కావాల్సింది వాగవతల ముసలి పెద్దమ్మ మాట. ఆదివారం ఊరికెళ్తున్నా. లాంగ్‌బుక్ కొన్నా, ఫోన్‌లో రికార్డు కూడా చేస్తా. ఇలా పెద్దల మాట రాయించి పెట్టినవాళ్ళు గ్రూపులో ఉంటే, గ్రామసభలో ఎలా ఇచ్చారో కింద చెప్పండి అన్నా.