మర్ఫా ఎవరిది?

హైదరాబాద్ పాతబస్తీలో బారాత్ పోతుంటే కాసేపు ఆగి చూడండి. మెడలో వేలాడేసుకున్న మర్ఫా మీద పుల్లలు పడగానే పెళ్లికొడుకు దోస్తులు గాల్లో కత్తులు తిప్పుతూ ఎగురుతారు. ఆ దరువు విని పెళ్లి ఏ మతం వాళ్లదో చెప్పలేం. గణేశ్ నిమజ్జనంలోనూ అదే వినబడుతుంది. అయితే అది ఈ గడ్డ మీద పుట్టిన దరువు కాదు. యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బులు, ఆఫ్రికా సిద్దీలు నిజాం కొలువుకు వస్తూ వెంట తెచ్చుకున్నది.

అసలు ఈ ఊరే వలసవాళ్ల చేతుల మీదుగా లేచింది. 1591లో నగరానికి పునాది పడినప్పుడు రూపురేఖలు దిద్దిన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్త్రాబాద్ మనిషి. ఆ తరం మొహర్రం సంతాపానికి కట్టిన బాద్షాహీ అషూర్‌ఖానా నేటికీ ఉంది. ఇరానీల మొహర్రం సంతాపం తెలంగాణ పల్లెలకు చేరి పీర్ల పండుగయింది. మొక్కులొచ్చాయి, మలీద ముద్దలొచ్చాయి, గుండం చుట్టూ అసైదూలా ఆటొచ్చింది. పీర్లను ఎత్తుకునేవాళ్లలో హిందువులెందరో! మనదే అనుకునే బోనాల సంగతీ చూడండి. సికింద్రాబాద్ అమ్మవారు ఉజ్జయినీ మహంకాళి. కలరా రోజుల్లో ఉజ్జయినిలో ఉన్న మన సిపాయి ఒకాయన అక్కడ మొక్కుకొని వచ్చి ఇక్కడ నిలిపాడని చెప్పుకుంటారు. 2014లో బోనాలు రాష్ట్ర పండుగయ్యాయి.

నిజాం కొలువుకు వచ్చిన అరబ్బు, సిద్దీ సిపాయిలు కాపురమున్న చోట్లకు కొలువు పేర్లే మిగిలాయి. అరబ్బుల బ్యారక్స్ జనం నోట బార్కస్ అయింది. సిద్దీల ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు ఏసీ గార్డ్స్‌గా కురచయింది. బార్కస్‌లో గోధుమలు, మాంసం మెత్తగా ఉడికించే హరీస్‌ను చక్కెరతో కూడా తింటారు. నగరం దానికి మసాలా దట్టించి హలీం చేసుకుంది. 2010లో ఆ హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపూ వచ్చింది.

1948 పోలీసు చర్య తర్వాత నిజాం సైన్యం రద్దయింది. ఉన్నపళంగా కొలువు పోయిన సిద్దీ కుటుంబాల్లో కొన్నింటికి మర్ఫాయే కూడు పెట్టింది. ఒకప్పుడు సర్కారీ జలూసుల్లో మోగిన దరువు కిరాయికి పెళ్లిళ్లకు దిగింది. అలా దిగబట్టే అది అందరిదీ అయిందని నా లెక్క. కాకపోతే హలీంకు దక్కిన మర్యాదలో పిసరంత కూడా వాయించేవాళ్లకు దక్కలేదు. ఈసారి మీ ఇంటి పెళ్లికి మర్ఫా పిలిస్తే కిరాయి బేరం దగ్గరే ఆగకండి. వాళ్ల తాతలు ఏ కొలువు చేశారో కూడా అడగండి.